పదిహేడో కారణం

కిందటి ఆదివారం పొద్దున్నే ఆఫీసులో టీ గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చుని ఉండగా, మా కంప్యూటరు విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి ఫోను చేసింది. ఇక్కడే బహ్రెయిన్‌లో, మహూజ్‌లో పుట్టి, ఇక్కడి బడిలోనే చదువుకున్న తెలుగుపిల్ల. తెలుగు చక్కగానే మాట్లాడుతుంది గానీ లోకంలో ఉన్న మగవాళ్ళందరినీ, నన్నూ, మా డ్రైవరునూ, ఆఖరికి తనకంటే రెండేళ్ళు పెద్దయిన టీ దుకాణం అతన్నీ కూడా అంకుల్ అనే పిలుస్తుంది. మా పాత సెలవుల ప్రోగ్రాంను తీసేసి, ఫోన్లో నడిచే కొత్తది పెడుతున్నారు కదా, ఆ పాతదాంట్లో సెలవుకు కారణాల జాబితా ఒకటి ఉందట. పదహారు కారణాలు ఇంగ్లీషులో శుభ్రంగా ఉన్నాయట, పదిహేడో దగ్గర మాత్రం ఇంగ్లీషు అక్షరాలతో మేనమామ అని ఉందట. మేనమామ అంటే అంకులే కదా అంకుల్, ఒక మనిషి సెలవుకు కారణం ఎలా అవుతాడు, తీసిపారెయ్యమంటారా అని అడిగింది.

రేపు చెబుతానని ఫోను పెట్టేశాను. టీ చల్లారిపోయింది. ఆ పదిహేడో కారణాన్ని అక్కడ పెట్టిన మహానుభావుణ్ణి నేనే.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు కంప్యూటరు ఉన్న గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్ళేవాళ్ళం, సాయంత్రం దానికి పూలగుడ్డ కప్పి, కొత్త కోడల్ని చూసుకున్నట్టు చూసుకునేవాళ్ళం. నేను కాకినాడ నుంచి బహ్రెయిన్ వచ్చింది ఆ కాలం తోకపట్టుకునే. మా కంపెనీ పని భవనాలకు మరమ్మతులు చేయడం: ఏసీలు, కుళాయిలు, రంగులు, పగిలిన గోడలు. పనివాళ్ళలో సగానికి పైగా జగిత్యాల, నిజామాబాదు వైపు మనుషులు. బహ్రెయిన్‌లో ఉంటూ దుబాయిలో ఉన్నామని ఇంటికి చెప్పుకునేవారు, వాళ్ళ లెక్కన సముద్రం ఇవతల ఉన్నదంతా దుబాయే. నన్ను కూడా దుబాయి సారుగా వాళ్ళ ఊళ్ళల్లో ప్రసిద్ధుణ్ణి చేశారు, నేను జన్మలో దుబాయి విమానాశ్రయం తప్ప ఇంకేమీ చూడకపోయినా.

కంపెనీ పనులన్నీ కంప్యూటరులోకి ఎక్కించాలని యజమానికి బుద్ధి పుట్టినప్పుడు, ఆ పని నాకు అప్పగించి, ముందుగా అయిదు రోజుల చదువుకు పంపారు. దాని పేరు బిజినెస్ ప్రాసెస్ మోడలింగ్. ఒక హోటల్లో, భోజనం కూడా పెట్టి మరీ చెప్పారు. ఆ విద్య సారాంశం ఏమిటంటే, సాఫ్ట్‌వేరు ఎలా ఉండాలని మనుషుల్ని అడగకూడదు, అడిగితే ఆకాశంలో చందమామ కావాలంటారు. వాళ్ళు రోజూ ఏం చేస్తారో అడిగి, దాన్ని బొమ్మ గీయాలి. పనికి ఒక డబ్బా, అవునా కాదా అనే ప్రశ్నకు ఒక వజ్రం ఆకారం, పని చేసే ఒక్కొక్కరికీ ఒక్కొక్క వరస, ఒకరి నుంచి ఒకరికి బాణాలు. ఇప్పుడు ఎలా జరుగుతోందో ఒక బొమ్మ, ఇకమీదట ఎలా జరగాలో ఇంకో బొమ్మ గీస్తే, సాఫ్ట్‌వేరులో ఏమేం ఉండాలో దానంతటదే బయటపడుతుంది. నాకు ఆ విద్య పూనకంలా పట్టింది. ఇంటికి రాగానే మా ఇంట్లో కాఫీ తయారయ్యే విధానం గీశాను, పాలు విరిగాయా అనే వజ్రంతో సహా. మా ఆవిడ దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి, "మీ పేరున్న వరసలో ఒక్క డబ్బా కూడా లేదేమండీ" అని లోపలికి వెళ్ళిపోయింది.

మొట్టమొదట గీయవలసింది సెలవుల వ్యవహారం. మా మేనేజరు బుసైతీన్ నుంచి వచ్చే బహ్రెయినీ పెద్దాయన, కాళ్ళదాకా జారే తెల్లటి తోబు, మెల్లటి మాట. ఆయన్ని అడిగితే ఒక్క నిమిషంలో తేల్చేశారు. మనిషి కాగితం రాస్తాడు, ఫోర్‌మన్ సంతకం, నా సంతకం, టిక్కెట్టు, ఖలాస్. నాలుగే డబ్బాలు. కానీ ఆయన గదిలో ఒక పూట కూర్చుని చూస్తే, ఒక్కొక్క సంతకానికి పది నిమిషాలు పడుతోంది. ఎందుకంటే కాగితం తెచ్చిన ప్రతివాణ్ణీ కూర్చోబెట్టి, ఎవరికి పెళ్ళి, పిల్లవాడికి ఎన్నేళ్ళు, పేరేమిటి, ఫోటో ఉందా అని అడిగేవారు. ఫోటోను కళ్ళజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూసి, మాషా అల్లా అని అప్పుడు కలం తీసేవారు. నేను దాన్ని కాలవ్యయం అని నా పుస్తకంలో రాసుకుని, కింద రెండు గీతలు గీశాను.

పని ఎక్కడ జరుగుతుందో అక్కడికే వెళ్ళి చూడమని కదా శాస్త్రం, అందుకని ఒక శుక్రవారం అరాద్ దాటాక ఉన్న మా క్యాంపుకు వెళ్ళాను. భోజనాల హాలు గోడకు నిలువెత్తు గోధుమరంగు కాగితం అంటించి, పసుపు చీటీలు పట్టుకుని నిలబడితే, వాళ్ళు ముందు నేను పనిలోంచి తీసి ఇంటికి పంపాల్సినవాళ్ళ పేర్లు రాయడానికి వచ్చాననుకుని, ఏమడిగినా అంతా మంచిగనే ఉన్నది సారూ అని తలలూపారు. రెండో విడత చాయ్ అయ్యాక గానీ అసలు సంగతి బయటపడలేదు. క్యాంపులో అందరూ పెద్దన్న అని పిలిచే జగిత్యాల ఫోర్‌మన్ ఒకాయన ఉండేవాడు. ఎవరు ఎప్పుడు ఊరికి వెళ్ళాలో నిర్ణయించేది మేనేజరు కాదు, ఆయన. ఆయన నెత్తిమీద మేకుకు తిథులూ వర్జ్యాలూ ఉన్న తెలుగు క్యాలెండరు. మాఘమాసంలో ముహూర్తాలుంటే క్యాంపు సగం ఖాళీ కావాలంటుంది కనుక, మాఘానికి ఎవరు, ఫాల్గుణానికి ఎవరు అన్నది ఆయన తేలుస్తాడు. వెళ్ళేవాడి పెట్టెలో మిగతావాళ్ళ సామాన్ ఎంత పట్టాలో కూడా ఆయనే చెబుతాడు. మంగళవారం ఎవరూ విమానం ఎక్కరు. నేను మంగళవారమా అని ఒక వజ్రం గీస్తే హాలంతా చప్పట్లు కొట్టింది.

ఇక ఆయన అనుమతి ఇచ్చే పద్ధతి. సెలవు అడిగితే అవునంటావా కాదంటావా అన్నాను, నా వజ్రానికి రెండే కొసలు ఉంటాయి కనుక.

"చూద్దాం అంట సారూ. మల్ల అడుగుతె మల్ల చూద్దాం అంట. మూడోసారి గూడ అడిగిండంటె, వానికి నిజంగనే పని ఉన్నట్టు."

తిరిగి తన మీదికే వచ్చే బాణాన్ని ఆ వజ్రానికి తగిలించాను. సాయంత్రానికి నా బొమ్మ తలుపు దాటి, వంటగది కిటికీ దాటి, చేతులు కడుక్కునే తొట్టి దాకా పాకింది. పైన తిరిగే ఫ్యాను గాలికి చీటీలు ఎగిరిపోయి, ఒక కారణం పప్పు గిన్నెలో పడింది కూడా. కారణాలు చెప్పమంటే అందరూ ఒకేసారి చెప్పారు: పెళ్ళి, కానుపు, తల్లికి ఆపరేషను, గృహప్రవేశం, తండ్రి సంవత్సరీకం. గుంపులోంచి ఎవరో మేనమామగా పోవాలె అన్నారు. జాబితా ఇంగ్లీషులో ఉండాలి కనుక నేను చీటీ మీద అంకుల్ అని రాసుకున్నాను. ఆఫీసుకు వచ్చాక, కంపెనీ నిబంధనల్లో దగ్గరి బంధువులంటే తల్లిదండ్రులు, భార్యాబిడ్డలు, తోబుట్టువులేనని ఉంది కాబట్టి, ఆ చీటీని చెత్తబుట్టలో వేశాను. కాకినాడలో పుట్టి, మేనమామ చేతుల మీదుగా పెరిగి, ఆయన భుజమ్మీద తీర్థాలన్నీ తిరిగినవాణ్ణి, నా చేత్తో నేనే మేనమామను అంకుల్‌ని చేసి చెత్తబుట్టలో వేశాను. అప్పుడు ఏమీ అనిపించలేదు.

పదహారు కారణాలు మిగిలాయి. ఇకమీదట ఎలా జరగాలి అనే బొమ్మలో క్యాలెండరు లేదు, మంగళవారం లేదు, చూద్దాం లేదు, మేనేజరు గారి పది నిమిషాలు లేవు, పెద్దన్న వరసే లేదు. మనిషి కంప్యూటరులో కారణం ఎంచుకుంటాడు, కంప్యూటరు అవునో కాదో చెబుతుంది, టిక్కెట్టు గుమాస్తాకు నంబరు వెళుతుంది. యజమాని దాన్ని చూసి ముచ్చటపడి, నా భుజం తట్టి, ఇకమీదట కాగితాల మీద సెలవు ఇస్తే ఒప్పుకునేది లేదని ఆజ్ఞ జారీ చేశారు.

ప్రోగ్రాం మొదలైన రెండో వారంలోనే నిజామాబాదు వైపు తాపీమేస్త్రీ ఒకతను నా గదికి వచ్చాడు. మనిషి అయిదున్నర అడుగులు, చేతులు సిమెంటు తిని గరుకెక్కి ఉండేవి, మాట మాత్రం పసిపిల్లల మాటంత మెత్తన. క్యాంపు కంప్యూటరు ముందు మూడు రోజులుగా కూర్చుంటున్నాడట, మూడు రోజులూ అది కాదంటోందట. అతని చెల్లెలి కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయించాలి. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేస్తే గానీ తియ్యకూడదు, ఉన్నది ఈ ఒక్క మేనమామే. మూడో ఏడు దాటిపోతే నాలుగు సరిసంఖ్య కనుక పనికిరాదు, మళ్ళీ అయిదో ఏడు దాకా ఆగాలి. మూడో ఏడు వెళ్ళడానికి నాలుగు వారాలే ఉన్నాయి. అతను జేబులోంచి ఫోటో తీశాడు. రెండు జడలూ, వాటికి ఎర్ర రబ్బరుబ్యాండ్లూ, కింద నిక్కరూ, ముఖం నిండా కోపంతో ఒక మగపిల్లవాడు. ఊళ్ళో అందరూ ఆడపిల్లా అని అడుగుతుంటే వాడు రాళ్ళు విసురుతున్నాడట.

తోటివాళ్ళు అతనికి ఉపాయం చెప్పకపోలేదు. జాబితాలో తల్లి మరణం అని ఉంది, అది నొక్కితే అరక్షణంలో సెలవు. పాత కాగితాల రోజుల్లో క్యాంపులో ఒకాయన నాయనమ్మ మూడుసార్లు కాలం చేసి, నాలుగోసారి మనవడి పెళ్ళికి పట్టుచీర కట్టుకుని ఫోటో కూడా దిగింది. కానీ ఈ మేస్త్రీ ఒప్పుకోలేదు.

"బతికున్న అవ్వను సచ్చిపోయిందని రాస్తనా సారూ? తథాస్తు దేవతలుంటరు," అన్నాడు, అవ్వంటే వాళ్ళ వైపు అమ్మే. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "మీరు గోడకు గీసిన డబ్బలల్ల నా డబ్బ ఏడున్నది సారూ?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. తప్పు పట్టుబడ్డవాడికి వచ్చే కోపం ఉంటుంది చూడండి, అది. ఒక్కొక్కడి కోసం ఒక్కొక్క డబ్బా గీస్తూ కూర్చుంటే అది ప్రోగ్రాం కాదు, సంత అవుతుందని కసిరి, మార్పు కావాలంటే దానికొక దరఖాస్తు ఉంది, ఆరు వారాలు పడుతుందని చెప్పాను. ఆ ఆరు వారాల పద్ధతిని కూడా నేనే గీశాను. అడిగేవాడి వరస, పరిశీలించేవాడి వరస, ఒప్పుకునేవాడి వరస అని మూడు ఉండేవి, మూడింట్లోనూ నేనే ఉండేవాణ్ణి. అతను దరఖాస్తు తీసుకుని, సరే సారూ అని, ఫోటోను జాగ్రత్తగా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాత రోజు మళ్ళీ వచ్చాడు. ఏమీ అడగడు, గుమ్మం దగ్గర నిలబడి దరఖాస్తు ఎందాకా వచ్చిందని కనుక్కుని వెళతాడు. మూడోసారి అతను వెళ్ళాక పెద్దన్న మాట గుర్తొచ్చింది. మూడోసారి కూడా అడిగాడంటే వాడికి నిజంగానే పని ఉన్నట్టు. ఆ బాణాన్ని తీసేసినవాడి దగ్గరికే అతను మూడుసార్లు తిరిగాడు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు. సరిగ్గా ఆ ప్రోగ్రాం మొదలుపెట్టే నెలలోనే కాకినాడలో మా చెల్లెలి కూతురికి పుట్టువెంట్రుకలు. రమ్మని చెల్లెలు నాలుగుసార్లు ఫోను చేసింది. ప్రోగ్రాం ఆగిపోతుందమ్మా, ఎవరైనా అన్నయ్య వరస వాళ్ళ ఒళ్ళో కూర్చోబెట్టెయ్యండి, ఏముంది అందులో అన్నాను.  సరేలే అన్నయ్యా, ఒళ్ళు జాగ్రత్త అంది. అందులో ఏముంది అనుకున్నవాడి జాబితాలోకి అది ఎలా వస్తుంది? చీటీ చెత్తబుట్టలో పడింది కంపెనీ నిబంధన వల్ల కాదు. నాకు సిగ్గేసింది.

బొమ్మను చుట్టచుట్టి చంకలో పెట్టుకుని మేనేజరు గారి దగ్గరికి వెళ్ళాను. తెలుగువాళ్ళలో మేనమామ స్థానం, మేనరికాలు, మొదటి కత్తెర, సరిసంఖ్య, బేసిసంఖ్య అన్నీ ఇంగ్లీషులో వరసగా చెప్పడానికి రెండు పేజీలు రాసుకున్నాను కూడా. నేను మొదటి పేజీ సగంలో ఉండగానే ఆయన చెయ్యి ఎత్తారు. తల్లి తమ్ముడా అని అడిగారు. తల్లి అన్నగారండీ అన్నాను. "ఖాల్," అన్నారు ఆయన, తొలిసారి నా వంక జాలిగా చూస్తూ. ఖాల్ అంటే అరబ్బీలో మేనమామ, మేనమామ అంటే తండ్రేనని వాళ్ళలో సామెతట. ఇది దగ్గరి బంధుత్వం కాదని రాసినవాడు ఏ ఊరివాడు అని అడిగారు. కాకినాడవాడని చెప్పకుండా నా రెండు పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నాను. తర్వాత ఆయన ఆ మేస్త్రీని పిలిపించి, కూర్చోబెట్టి, జడల పిల్లవాడి ఫోటోను కళ్ళజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూశారు. వాడి పేరడిగి, రెండుసార్లు పలికి సరిచేసుకున్నారు.

ఆ పూటే పదిహేడో కారణం పెట్టాను. ఈసారి అంకుల్ అని రాయడానికి చెయ్యి రాక, మేనమామ అనే రాశాను. తొందరలో దానికి అవునా కాదా అనే వజ్రం పెట్టడం మరిచిపోయాను. మేనమామ అని నొక్కితే చాలు, బాణం నేరుగా టిక్కెట్టు దగ్గరికే. టిక్కెట్టు మంగళవారానికి వచ్చింది, అది వేరే రామాయణం, నేనే స్వయంగా గుమాస్తా దగ్గర కూర్చుని బుధవారానికి మార్పించాను. నెలన్నరకు మేస్త్రీ తిరిగొచ్చి, వేములవాడ లడ్డూ, ఒక ఫోటో నా బల్ల మీద పెట్టాడు. గుండుతో, ఇంకా ఎక్కువ కోపంతో ఉన్న పిల్లవాడు, వాణ్ణి ఒళ్ళో అదిమి పట్టుకుని నవ్వుతున్న మేస్త్రీ. మేనేజరు గారు లడ్డూ రెండుసార్లు తీసుకున్నారు.

తర్వాత జరిగింది మీరు ఊహించే ఉంటారు. వజ్రం లేని దారి ఒకటుందని క్యాంపులో తెలియడానికి ఎంతసేపు? రెండేళ్ళు తిరిగేసరికి మా మలయాళీ ఎలక్ట్రీషియన్లూ, బెంగాలీ రంగులవాళ్ళూ, పాకిస్తానీ డ్రైవరు భాయ్‌లూ అందరూ మేనమామలైపోయారు. పెద్దాయన రిటైరయ్యాక వచ్చిన మేనేజర్లకు ఆ మాటకు అర్థం తెలియదు, అడిగితే ఏ మతాచారానికి అడ్డుపడ్డట్టవుతుందోనని అడగలేదు. సోమవారం నేను ఈ కథంతా చెప్పాక, మా కంప్యూటరు అమ్మాయి పాత లెక్కలు తిరగేసి, ఒక ఫిలిప్పీన్స్ వెల్డరు తొమ్మిదిసార్లు మేనమామ అయ్యాడని చదివింది. ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నాం. ఆ పిల్ల మంగళవారం మళ్ళీ ఫోను చేసింది. ఇంట్లో అడిగితే, తనకూ విజయవాడలో ఒక మేనమామ ఉన్నాడనీ, తన మొదటి కత్తెర ఆయనదేననీ, వీడియోలో ఎప్పుడూ హాయ్ అంకుల్ అనేది ఆయనతోనేననీ తెలిసిందట. అయితే మరి తీసెయ్యనా అంకుల్ అంది.

ఈ నెలాఖరు దాకా ఉంచమ్మా, ఒక దరఖాస్తు మిగిలిపోయింది అన్నాను.

వచ్చే నెల కాకినాడలో మా చెల్లెలి కూతురి పెళ్ళి. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకురావలసింది మేనమామ. నా మోకాళ్ళు మెట్లెక్కడానికే మొరాయిస్తున్నాయి, పిల్ల చూస్తే పుష్టిగా ఉంటుంది. ఆ మాటే చెల్లెలితో అంటే, "అప్పుడు కత్తెర ఎలాగూ వెయ్యలేదు, ఇప్పుడు బుట్టైనా మొయ్యి అన్నయ్యా," అంది. ఇరవై నాలుగేళ్ళు ఆ మాట దాచుకుందన్నమాట.

నిన్న మధ్యాహ్నం ఆ అమ్మాయి దగ్గర కూర్చుని పదిహేడో కారణం నొక్కాను. ఇన్నేళ్ళలో క్యాంపు క్యాంపంతా నొక్కింది గానీ నేను నొక్కడం అదే మొదలు. రెప్పపాటులో పచ్చటి టిక్కు పడింది. అది చూస్తూ ఇంకా ఏదో రావాలన్నట్టు కూర్చుండిపోయాను. అయిపోయింది అంకుల్ అంది ఆ పిల్ల. నిజమే, ఇలా కావాలనే కదా నేను బొమ్మలు గీసింది. చూద్దాం అనేవాడు లేడు, మూడుసార్లు తిరగక్కర్లేదు, ఎవరి గుమ్మం దగ్గరా నిలబడక్కర్లేదు. ఈమధ్య క్యాంపులో ఒకతను సెలవు సంగతే ఎత్తకుండా, ఊళ్ళో ఎవరో దిండు మీద నిలబెట్టిన ఫోన్లోంచే, వీడియోలో మేనమామగా కూర్చున్నాడట. జేబులో నేను మా మేనకోడలి ఫోటో పెట్టుకుని వెళ్ళాను, ఎందుకు పెట్టుకున్నానో అప్పుడు గానీ అర్థం కాలేదు. కళ్ళజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూసేవాళ్ళు ఇప్పుడు ఆ దారిలో ఎవరూ లేరు, ఆ పది నిమిషాల కింద రెండు గీతలు గీసి కొట్టేసింది నేనే. ఎవరూ అడగలేదు కనుక మీకు చెబుతున్నాను. మా మేనకోడలు నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది. పిల్లకి మా అమ్మ పేరు పెట్టారు.